పైసలున్నా కొనరు, అడిగినా అమ్మరు: బిల్బావో టీం ముచ్చట

ఐపీఎల్ వేలంపాట చూడనోళ్లు మన పల్లెలల్ల తక్కువే. సుత్తె దెబ్బ పడుతది, పిలగాడు ఒక రంగు అంగీ ఇడిసి ఇంకో రంగు అంగీ తొడుక్కుంటడు. మన హైదరాబాద్ సిరాజ్ ఏండ్లకేండ్లు బెంగళూరుకు ఆడి 2025ల గుజరాత్‌కు పోయిండు. తిలక్ వర్మ ముంబైకి ఆడుతడు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న టీంకేమో యాడయాడి నుంచో వచ్చినోళ్లు ఆడుతరు. దీన్ని ఎవలూ తప్పు పట్టరు. ఆటంటేనే గిట్లుంటది అనుకునుడు మనకు అలవాటైపోయింది.

కాని గిట్లనే ఉండాలని యాడ రాసిలేదు. 2025 జులైల స్పెయిన్ దేశంల ఒక ముచ్చట జరిగింది. నికో విలియమ్స్ అని ఫుట్‌బాల్ ఆటగాడు, అప్పటికి ఇంకా 23 నిండలే. అంతకు ముందటేడే యూరో కప్ ఫైనల్ల ఇంగ్లండ్ మీద మొదటి గోల్ కొట్టినోడు. బార్సిలోనా అంత పెద్ద క్లబ్బు రెండు ఎండకాలాలు ఈ పిలగాని ఎంబడివడ్డది. పోతున్నడు, పోయిండు అని పేపర్లు రాసుడు, టీవీలు వాగుడు. ఆఖరికి ఏం చేసిండంటె, ఉన్న టీంతోనే 2035 దాకా ఉంటనని సంతకం పెట్టిండు. ఆ టీమే అథ్లెటిక్ క్లబ్. బిల్బావో పట్నంది. మనోళ్లు అథ్లెటిక్ బిల్బావో అంటరు.

ఈ టీం కథ తెలుసుకుంటె, కొన్ని ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్లను ఎందుకు ఊకె అమ్మయి, ఊకె కొనయి అన్నది సమజైతది. ప్రేమ, అభిమానం అని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. మిగిలిన సగం లెక్కలు, చట్టం, మాలికి ఎవడు అన్న సంగతి.

ముందుగాల వాళ్ల కట్టుబాటు ఏందో చూద్దాం. స్పెయిన్ ఉత్తర దిక్కున, ఫ్రాన్స్ సరిహద్దు పొంటి బాస్క్ నేల ఉంటది. ఏడు చిన్న ప్రాంతాలు, కొన్ని స్పెయిన్‌ల, కొన్ని ఫ్రాన్స్‌ల. మొత్తం జనం దగ్గర దగ్గర 30 లక్షలు. 2011 జనాభా లెక్కల్ల మన ఉమ్మడి వరంగల్ జిల్లా ఒక్కటే 35 లక్షలు. అథ్లెటిక్ క్లబ్బుల ఆడాల్నంటె ఆ బాస్క్ నేల మీద పుట్టినోడన్నా కావాలె, ఆడ ఆట నేర్చినోడన్నా కావాలె. ప్రపంచంల ఎంత మొనగాడైనా సరే, ఈ రెండిట్ల ఒకటి లేకపోతే తీసుకోరు. వరంగల్ జిల్లా పిలగాండ్లతోటే టీం కట్టి రియల్ మాడ్రిడ్ మీదికి పోవుడు ఎట్లుంటదో ఊహ చేసుకోండ్రి.

మరి ఓడిపోయి మట్టిల కలిసిన్రా అంటే, లేదు. 1929ల స్పెయిన్ లీగ్ మొదలైంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా మొదటి డివిజన్ నుంచి ఒక్కసారి కూడ కిందికి జారని క్లబ్బులు మూడే మూడు. మాడ్రిడ్, బార్సిలోనా, మూడోది ఈ బిల్బావో. ఎనిమిది సార్లు లీగ్ గెల్చిన్రు.

ఈ కట్టుబాటు రాజ్యాంగం లెక్క యాడ రాసిపెట్టుకున్నది గాదు. క్లబ్బు 1898ల పుట్టింది. ఇనుప గనులు, ఓడరేవు ఉన్న పట్నం గనుక ఇంగ్లీషు నావికులు, పనోళ్లు మస్తుగ వచ్చేటోళ్లు. ఆట తెచ్చిందే వాళ్లు. మొదట్ల ఇంగ్లీషోళ్లు కూడ టీంల ఆడిన్రు. 1911ల వాళ్లను ఆడించుడు మీద పెద్ద లొల్లి అయింది. అప్పటి నుంచి మనోళ్లతోనే ఆడుదాం అన్న పద్ధతి పడ్డది. అట్ల నూరేండ్లు దాటింది. అయితె కోచ్‌కు ఈ రూల్ లేదు. ఇంగ్లీషోడు వచ్చిండు, అర్జెంటీనా బియెల్సా వచ్చిండు. చదువు చెప్పే పంతులు ఏ ఊరోడైతేంది అన్నట్టు.

ఇగ ఫుట్‌బాల్ బేరం ఎట్ల నడుస్తదో చూద్దాం. ఐపీఎల్ల లెక్క వేలం ఉండదు. ఆటగానికి క్లబ్బుతోని మూడేండ్లో ఐదేండ్లో ఒప్పందం ఉంటది. అది అయిపోకముందే ఇంకో క్లబ్బు కావాలంటె, ఈ క్లబ్బుకు పైసలు కట్టి తీసుకపోతది. దాన్నే ట్రాన్స్‌ఫర్ అంటరు. ఎనుకట ఒప్పందం అయిపోయినా సరే, పాత క్లబ్బుకు పైసలు కట్టందే ఆటగాణ్ణి ఇడిసేటోళ్లు గాదు. ఎట్టిపని లెక్కనే. బెల్జియంకు చెందిన బోస్మన్ అనే ఆటగాడు దీని మీద కోర్టుకు పోయిండు. 1995 డిసెంబర్ల యూరప్ కోర్టు తీర్పిచ్చింది. ఒప్పందం అయిపోతె ఆటగాడు ఆజాదు, ఎటన్నా పోవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాలోళ్లు ఇంతమందే ఆడాలె అన్న లెక్క కూడ చెల్లదు.

తీర్పు మంచిదే. ఆటగాడు కూడ కార్మికుడే, వాని చెయ్యి కాలు కట్టేసే హక్కు ఎవనికీ లేదు. కాని దాంతోని ఇంకో తలుపు కూడ తెరుసుకున్నది. పైసలున్న క్లబ్బులు దునియా అంత తిరిగి కొనుడు షురూ చేసినయి. 1999 డిసెంబర్ల లండన్‌కు చెందిన చెల్సీ టీం ఒక మ్యాచ్‌కు దిగితే మొదటి పదకొండు మందిల ఒక్కడు కూడ బ్రిటన్ దేశపోడు లేడు. అందరు గా దారిల పోతుంటె బిల్బావో మాత్రం తన గట్టు దాటలే. అప్పటిదాక మామూలుగ కనవడ్డ పద్ధతి, ఆ తర్వాత వింతగ కనవడ్డది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. అమ్ముడు ఎందుకు లేదు?

వానకాలం మొదలైతుంది అనుకో. నీ దగ్గర మంచి ఎద్దు ఉన్నది. ఎవడో వచ్చి రెండింతల రేటు ఇస్త అన్నడు. దేశంల వంద అంగళ్లు ఉంటె నువ్వు అమ్ముతవు, ఆ పైసలతోని ఇంకో అంగట్ల ఇంకా మంచి జత కొంటవు, పైసలు మిగుల్తయి. కాని నువ్వు పోగలిగే అంగడి ఒక్కటే ఉన్నది, అండ్ల మూడే ఎద్దులున్నయి, ఆ మూడిట్ల రెండు నీ పాలోనియే అనుకో. అప్పుడు అమ్ముతవా? అమ్మి పైసలు ముందట పెట్టుకుంటె పైసలు దున్నుతయా?

బిల్బావో పరిస్థితి గదే. వేరే క్లబ్బుకు ఆటగాడంటె పైసల కిందికి మారే సరుకు. ఒకణ్ణి అమ్మితే బ్రెజిల్ నుంచో సెనెగల్ నుంచో ఇద్దరొస్తరు. బిల్బావోకు గా దారి లేదు. ఒక మంచి డిఫెండర్ పోతె, వాని తావుల నిలవడేటోడు దునియా మొత్తం మీద ఐదారుగురు కూడ ఉండరు. ఉన్నోళ్లు కూడ పక్క క్లబ్బుల చేతుల్ల ఉంటరు. ఆ పక్క క్లబ్బులకు బిల్బావో ఖజానాల ఎంతున్నదో, ఎంత అవసరమున్నదో ఎరుకే. ఇగ రేటు ఎట్ల పెడ్తరో చెప్పే పని లేదు.

2018 జనవరిల గదే అయింది. లపోర్ట్ అనే డిఫెండర్‌ను మాంచెస్టర్ సిటీ 65 మిలియన్ యూరోలు కట్టి తీస్కపోయింది. మిలియన్ అంటె పది లక్షలు. బిల్బావో ఆ వారంలనే పక్కూరి శత్రువు రియల్ సొసియదాద్ నుంచి ఇన్యీగో మార్టినెజ్‌ను తెచ్చుకునేందుకు 32 మిలియన్లు పెట్టాల్సి వచ్చింది. అంటె వచ్చిన దాంట్ల సగం అప్పటికప్పుడే పాయె. గా మార్టినెజ్ ఐదేండ్లు ఆడి, ఒప్పందం అయినంక 2023ల పైస ఇయ్యకుండ బార్సిలోనాకు పోయిండు. అమ్ముడు బేరం వీళ్లకు ఎందుకు గిట్టదో ఈ ఒక్క లెక్క చాలు.

మరి లపోర్ట్‌ను ఎందుకు అమ్మిన్రు అని అడగొచ్చు. అమ్మలే. ఈడనే చట్టం అర్థం చేసుకోవాలె. స్పెయిన్ల 1985ల ఒక ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ఆటగాడు ఒప్పందం మధ్యల కూడ నష్టపరిహారం కట్టి బయటికి పోవచ్చు. గా పరిహారం ఎంతన్నది ఒప్పందంలనే రాసుకుంటరు. దాన్నే రిలీజ్ క్లాజ్ అంటరు. కొనేటోడు గా రేటు మొత్తం కడితె క్లబ్బు కాదనలేదు. బిల్బావో చేసేది ఒక్కటే. బేరానికి కూసోదు. ఇంత తగ్గించుండ్రి, కొంచెం ఇప్పుడు కొంచెం దసరాకు అంటే వినదు. కాయిదం మీద రేటున్నది, కడ్తవా కట్టు, లేకపోతే నడువు. 2012ల హావి మార్టినెజ్‌కు జర్మనీ బాయర్న్ 40 మిలియన్లు కట్టింది. 2014ల హెరేరాకు మాంచెస్టర్ యునైటెడ్ 36. 2018 ఆగస్టుల గోల్‌కీపర్ కెపాకు చెల్సీ 80 మిలియన్లు కట్టింది, అప్పటి మన లెక్కల ఆరువందల కోట్ల పైచిలుకు. గోల్‌కీపర్‌కు అంత రేటు అంతకుముందు ఎవరూ పెట్టలే.

కెపా పోతే ఎవణ్ణి కొన్నరు? ఎవణ్ణీ కొనలే. తమ దగ్గర తయారైన ఉనాయ్ సిమోన్ అనే పిలగాణ్ణి నిలవెట్టిన్రు. వాడే తర్వాత స్పెయిన్ దేశం గోల్‌కీపర్ అయిండు, 2024 యూరో కప్ గెల్చిన టీంల ఉన్నడు. అన్నిసార్లూ గిట్ల కలిసిరాదు, అది వేరే సంగతి. లోరెంటే అనే మంచి స్ట్రైకర్ ఒప్పందం పొడిగించుకోనన్నడు, 2013ల ఇటలీకి పోయిండు. క్లబ్బుకు నయాపైస రాలే.

సిమోన్ లాంటోళ్లు తయారయ్యేది లెసామాల. బిల్బావో పక్కన పల్లెటూరు. 1971ల ఆడ క్లబ్బు మైదానాలు కట్టింది. చుట్టుపక్కల చిన్న చిన్న ఊరి క్లబ్బులతోని పొత్తు పెట్టుకుంటది, పదేండ్ల పోరగాండ్ల నుంచే చూసుకుంట వస్తది. ఈడ గమనించాల్సింది ఒకటున్నది. పెద్ద పెద్ద క్లబ్బులకు కూడ అకాడమీలున్నయి, మస్తు బాగుంటయి. కాని ఆడ పద్దెనిమిదేండ్ల పిలగాడు ఎంత మంచిగాడినా, వాని తావుల ఆడనీకె రేపు ఎవడో ఫ్రాన్స్ నుంచో పోర్చుగల్ నుంచో దిగుతడు. వీణ్ణి ఇంకో టీంకు కిరాయికిచ్చుడు, ఆఖరికి అమ్ముడు. లెసామా పిలగానికి గా భయం తక్కువ. నా తావు బయటోనితోని నింపరు అని తెలుసు. రెండు మ్యాచ్‌లు చెడగొట్టినా మూడోది ఆడిస్తరని తెలుసు. కొనలేని క్లబ్బుకు ఓపిక తప్పనిసరి గనుక. ఆడపిల్లల టీంకు కూడ ఇదే కట్టుబాటు. 2019 జనవరిల వాళ్ల కప్పు మ్యాచ్ చూసేందుకు శాన్ మామెస్ స్టేడియంకు 48 వేల మందికి పైగా వచ్చిన్రు.

పిలగాండ్లు కూడ ఉత్తి ప్రేమతోని ఉండరు. జీతం మంచిగిస్తరు. ట్రాన్స్‌ఫర్లకు పెట్టని పైసలు జీతాలకు పోతయి. టీవీ హక్కుల పైసల మీద 2015ల స్పెయిన్ సర్కారు చట్టం చేసింది. మొదటి డివిజన్‌కు వచ్చే దాంట్ల సగం అన్ని క్లబ్బులకు సమానంగ పంచాలె అని. అంతకుముందు మాడ్రిడ్, బార్సిలోనాలే ఎక్కువ గుంజుకునేటివి. ఎవడన్నా ఈ క్లబ్బు ఆదర్శం మీద బతుకుతది అంటె నమ్మకుండ్రి. ఆదర్శం నిలవడాల్నంటె కింద లెక్క సక్కగ ఉండాలె.

అన్నిటికన్న పెద్దది, నాకు అందరు యాది మరుస్తరు అనిపించేది, మాలికి ఎవడు అన్న సవాలు. 1990ల స్పెయిన్ల ఒక క్రీడా చట్టం వచ్చింది. అప్పుల్ల మునిగిన క్లబ్బులన్నీ షేర్ల కంపెనీలుగ మారాలె అన్నది. లెక్కలు సక్కగున్న నాలుగు క్లబ్బులకే మినహాయింపు దొరికింది: మాడ్రిడ్, బార్సిలోనా, ఒసాసునా, బిల్బావో. ఇయ్యాల్టికి అవి సభ్యులవే. బిల్బావోకు నలభై వేలకు పైగా సభ్యులున్నరు. వాళ్లే ఓట్లేసి అధ్యక్షున్ని ఎన్నుకుంటరు. మన సహకార సంఘం లెక్క అన్నట్టు, అయితే నడిచే సహకార సంఘం. ఎవడో అరబ్బు షేకో అమెరికా ఫండో వచ్చి కొంటనంటె అమ్మేందుకు ఆడ షేరే లేదు. లాభం పంచుకునేటోడు లేడు గనుక, ఆటగాణ్ణి అమ్మి లాభం చూపియ్యాలె అన్న తొందర కూడ లేదు.

దీనికి ఉల్టా మన కండ్ల ముందే జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అని 2019ల పుణె టీం తావుల మనకొక ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది. 2022ల ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. 2025ల పేరు మార్చుకొని ఢిల్లీకి ఎల్లిపోయింది. ఆడ ఆటగాణ్ణి అమ్ముతరా అని చర్చ, ఈడ టీంకు టీమే మూటగట్టుకొని పోతె అడిగినోడు లేడు. అడిగేందుకు మనకు ఓటున్నదా? అంతకు ఎన్నో ఏండ్ల ముందు, 1950 నుంచి 54 దాకా వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పు కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం మనకుండె. కోచ్ రహీం సాబ్. ఆ ఆటగాళ్లకు పోలీసు నౌకరి ఉండె, ఊరుండె. ఎవడు ఎవనికి అమ్ముతడు? గా ముచ్చట మీద పోతే ఇంకో వ్యాసమైతది, ఆపుత.

బాస్కోళ్లు దీన్ని ఎందుకింత పట్టువట్టి కాపాడుకున్నరంటె చరిత్ర ఉన్నది. వాళ్ల భాష పేరు యూస్కెరా. చుట్టుపక్కల ఏ భాషతోని దానికి చుట్టరికం లేదు. 1937ల బిల్బావోకు దగ్గర్లనే ఉన్న గెర్నికా ఊరి మీద ఫ్రాంకో దిక్కు నుంచి జర్మనీ, ఇటలీ విమానాలు బాంబులేసినయి. ఫ్రాంకో గద్దెనెక్కినంక భాషను తొక్కిపెట్టిండు. పరాయి మాటలు ఉండొద్దని 1941ల క్లబ్బు పేర్ల ఉన్న ఇంగ్లీషు 'అథ్లెటిక్'ను కూడ స్పానిష్ 'అట్లెటికో' చేయించిండు. ముప్పై ఏండ్లకు గాని పాత పేరు తిరిగి రాలే. మన యాసను సినిమాల్ల రౌడీలకు, జోకర్లకు పెట్టిన రోజులు చూసినోళ్లకు ఈ నొప్పి కొంతన్న తెలుస్తది. ఫ్రాంకో సచ్చినంక 1976 డిసెంబర్ 5 నాడు బిల్బావోకు, రియల్ సొసియదాద్‌కు మ్యాచ్. రెండు టీంల కెప్టెన్లు ఇరిబార్, కొర్తబారియా ఇద్దరు కలిసి బాస్క్ జెండా పట్టుకొని మైదానంలకు నడిచిన్రు. అప్పటికి ఆ జెండా మీద నిషేధం ఇంకా ఉన్నది. మ్యాచ్‌ల శత్రువులు, జెండా కాడ ఒక్కటి. గిసోంటి క్లబ్బుల ఆడేటోణ్ణి అంగట్ల సరుకు లెక్క చూసుడు ఆ జనానికి మనసున పట్టదు.

గా రియల్ సొసియదాద్ కూడ ఎనుకట బాస్కోళ్లతోనే ఆడేది. 1989ల లివర్‌పూల్ నుంచి ఆల్డ్రిడ్జ్‌ను తెచ్చి ఆ పద్ధతి ఇడిసింది. ఒక కారణం ఏందంటె, మంచి బాస్క్ పిలగాండ్లను బిల్బావో ఎగరేసుకపోతుంటె వాళ్లకు మిగిలేది తక్కువైంది.

అంటె బిల్బావో అమ్మదు గని, చిన్నోళ్ల దగ్గర తీసుకునుడు ఆపదు. పైన చెప్పిన హావి మార్టినెజ్‌ను 2006ల 17 ఏండ్ల పోరడుగ ఉన్నప్పుడు ఒసాసునా నుంచి 6 మిలియన్లకు గిట్లనే క్లాజ్ కట్టి తెచ్చింది. ఒసాసునాకు ఎంత మండిందో. పెద్ద చేప మీద మొత్తుకునేటోడు చిన్న చేపను మింగుతున్నడని ఆ దిక్కు జనం అనేది అబద్ధం గాదు. నా మట్టుకు ఈ క్లబ్బు కథల నచ్చని భాగం ఇదే.

ఇంకో గుచ్చుకునే సవాలు. మనోడు అంటె ఎవడు? రక్తం చూసి చెప్తరా? చూస్తె అది చానా దూరం పోతది, మంచి దిక్కుకు పోదు. క్లబ్బు మొదటి నల్లజాతి ఆటగాడు రమాల్యో 2011ల ఆడిండు. అంటె నూరేండ్లకు పైగా ఒక్కడు లేడు. ఇది సిగ్గువడాల్సిన లెక్కనే అంట నేను. కాని కట్టుబాటు అడిగేది పుట్టుడు, పెరుగుడు, నేర్చుడు. 2024ల కప్పు గెలిపిచ్చిన కోచ్ వల్వెర్దే పుట్టింది దూరాన ఎక్స్‌త్రెమదురా ప్రాంతంల. బతుకుదెరువుకు బాస్క్ ఫ్యాక్టరీలకు వలసొచ్చిన వేలమంది పేదల ప్రాంతమది. చిన్నప్పుడే ఈ నేలకొచ్చి పెరిగిండు, ఇదే క్లబ్బుకు ఆటగానిగ ఆడిండు. మన ముల్కి లొల్లి యాదికొస్తది. 1952ల, 1969ల మన పెద్దలు కొట్లాడింది నౌకర్ల కోసం. ఆ నిబంధనల కూడ పుట్టుకొక్కటే లెక్క గాదు, పదిహేనేండ్లు ఈడ నివాసమున్నోడు ముల్కీయే.

నికో విలియమ్స్ అన్న ఇన్యాకి. వీళ్ల అవ్వ, నాయిన ఘనా దేశపోళ్లు. సహారా ఎడారిల నడిచి, మెలీయా కాడ కంచె దాటి స్పెయిన్ చేరిన్రు. బిల్బావోల ఒక చర్చి ఫాదర్ ఆసరా ఇచ్చిండు. 1994ల కొడుకు పుడితె ఆ ఫాదర్ పేరే పెట్టుకున్నరు, ఇన్యాకి అని. ఆ ఇన్యాకి 2016 నుంచి 2023 దాకా లీగ్ల ఒక్క మ్యాచ్ తప్పకుండ వరుసగ 251 ఆడిండు. స్పెయిన్ల గా రికార్డ్ ఎవరికీ లేదు. 2020ల వేరే ఊరి స్టేడియంల కోతి అరుపులు అరిసి అవమానించిన్రు గూడ. ఇప్పుడు ఆయన బిల్బావో కెప్టెన్. దేశాల మ్యాచ్‌లల్ల అన్న ఘనాకు, తమ్ముడు స్పెయిన్‌కు ఆడుతరు. క్లబ్బుకు మాత్రం ఇద్దరొక్కటే.

2024 ఏప్రిల్ల సెవియల మయోర్కా మీద పెనాల్టీలల్ల గెల్చి స్పెయిన్ రాజా కప్పు ఎత్తిన్రు. నలభై ఏండ్ల తర్వాత వచ్చిన పెద్ద కప్పు. నలభై ఏండ్లంటె, మొన్నటి కప్పు చూడకుండనే సచ్చిపోయిన అభిమానులెందరో. కట్టుబాటుకు వాళ్లు కట్టిన రేటు అది. 2007ల ఐతే కింది డివిజన్‌కు జారేటోళ్లే, ఒక్క పాయింటుతోని బయటవడ్డరు. కప్పు వచ్చినంక 1984ల లెక్కనే గబర్రా అనే పాత సరుకుల పడవ మీద ఆటగాళ్లను ఎక్కించి ఊరి నదిల ఊరేగించిన్రు. ఒడ్డుకు లక్షల మంది వచ్చిన్రు.

డబ్బుల కోసం 2018ల ఎల్లిపోయిన లపోర్ట్ కూడ, ఇంగ్లండ్, సౌదీ తిరిగి 2025ల మళ్ల ఇదే క్లబ్బుకు వచ్చిండు. తీసుకున్నరు. ఎందుకు తీసుకోరు, ఆ తావుల ఆడగలిగేటోళ్లే దునియాల కొద్దిమంది ఉంటె.

నికో సంతకం చేసిన కాయిదంల కూడ రిలీజ్ క్లాజ్ ఉన్నది. పాత రేటు మీద సగానికి పైగా పెంచిన్రు. రేపు ఎవడన్న గా పైసలు మొత్తం తెచ్చి కడితె క్లబ్బు అడ్డం పడనీకి చట్టం ఒప్పుకోదు. పోవాల్నా, ఉండాల్నా అన్నది మళ్ల నికో ఇష్టమే.